వెబ్ గోదామునకు కాపలా: ఒక గుణదోష విమర్శ

ఒకే పుస్తకమును నూరుమంది చదువరులు కోరినప్పుడు ప్రతిసారియు దూరపు పట్టణమునుండి దానిని తెప్పించుట వృథా శ్రమ. ఒకసారి తెప్పించి దగ్గరి అలమరలో పెట్టుకొన్నచో తక్కిన తొంబదితొమ్మిదిమందికి క్షణములో అందించవచ్చును. ఇంటర్నెట్‌లో ఈ పని చేయు ప్రోగ్రామును వెబ్ క్యాష్ సర్వరు అందురు. అది ఒక గోదాము వంటిది. ఎవరో ఒకరు ఒక పుటను అడిగినప్పుడు అసలు సర్వరునుండి దానిని తెచ్చి వారికి ఇచ్చి, ఒక ప్రతిని తనయొద్ద దాచుకొనును. మరియొకరు అదే పుటను అడిగినప్పుడు దాచిన ప్రతినే ఇచ్చును.

ఇట్టి గోదాములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది స్క్విడ్. హార్వెస్ట్ అను పరిశోధన ప్రణాళికలో పుట్టిన క్యాష్ ప్రోగ్రామునుండి ఇది 1996లో వేరుపడినది. డ్యువేన్ వెస్సెల్స్ దాని తొలి రూపకర్త. అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ధనసహాయము దానికి తొలినాళ్లలో లభించెను. ఒక సన్నని ఇంటర్నెట్ తీగపై వందలకొలది కంప్యూటర్లు ఆధారపడియున్న రోజులలో కళాశాలలకును కార్యాలయములకును ఇది గొప్ప మేలు చేసినది. నేటికిని అనేక సంస్థలలో లోపలి కంప్యూటర్లకును బయటి ప్రపంచమునకును నడుమ ఇదియే ద్వారపాలకునివలె నిలచియున్నది.

ఈ ద్వారపాలకునికే ఒక కాపలా కలదు. లినక్స్ కెర్నెల్‌లోని ఎస్‌ఈలినక్స్ అను వ్యవస్థ, స్క్విడ్ ఏ ఫైలు ముట్టవచ్చునో, ఏ పోర్టునకు పోవచ్చునో నిర్ణయించు నియమావళిని అమలుజరుపుచున్నది. ఈ కాపలా ఎంత గట్టిది? ఎచ్చట మెచ్చదగినది, ఎచ్చట పేరునకు మాత్రమే కాపలా? కాపలా ఉన్నదను ధైర్యముతో నిద్రించు నిర్వాహకునికి ఈ ప్రశ్నకు సమాధానము తెలియుట అత్యవసరము.

గోదామునకు గల ఆపద

వెబ్ క్యాష్ చేయు పని పైకి సాధువుగా కనిపించును. నిజమునకు యంత్రములో నడచు ప్రోగ్రాములన్నిటిలోను ఇది ఎక్కువ ఆపదకు గురియగు స్థానమున ఉన్నది. మొదటిది, ఎవరు మాట్లాడించినను బదులు పలుకుట దాని వృత్తి. రెండవది, ముక్కు మొగము తెలియని సర్వర్లు పంపు సమాచారమునంతను అది అక్షరమక్షరము చదివి అర్థము చేసికొనవలెను. మూడవది, ఆ పరాయి సరుకును తన డిస్కుపై నిల్వ చేయవలెను. నాల్గవది, ఒక చేయి సంస్థ లోపలను, రెండవ చేయి బయటను ఉండును. ఇట్టి ప్రోగ్రాములో ఒక్క తప్పు దొరకినను, దానిని పట్టుకొన్న దుండగుడు సరిహద్దు గోడపైననే కూర్చున్నట్లగును.

ఇది ఊహమాత్రము కాదు. 2021లో ఒక భద్రతా పరిశోధకుడు స్క్విడ్ మూల ప్రోగ్రామును సాంతముగా పరీక్షించి 55 లోపములను కనుగొనెను. 2023 అక్టోబరులో అతడు వాటిని బహిరంగపరచునాటికి 35 లోపములకు ఇంకను చికిత్స జరుగలేదు. ఇందులకు స్క్విడ్ కర్తలను నిందించి ప్రయోజనము లేదు. దశాబ్దములుగా పెరిగిన పెద్ద ప్రోగ్రామును కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడుచున్నారు. కాని ఈ సంఖ్య ఒక సంగతిని స్పష్టము చేయుచున్నది. ప్రోగ్రాము లోపము లేనిదని నమ్మి భద్రతను కట్టరాదు. లోపము ఉన్నదనియే భావించి, అది బయటపడిన నాడు నష్టము ఎంతవరకు ప్రాకునో ముందే హద్దు గీయవలెను. కాపలా ఉద్దేశము అదియే.

రెండు విధముల అనుమతులు

యూనిక్స్ సంప్రదాయములో ఫైలు యజమాని తన ఫైలును ఎవరు చదువవచ్చునో, ఎవరు వ్రాయవచ్చునో తానే నిర్ణయించును. ఇది యజమాని ఇష్టముపై ఆధారపడిన అనుమతి. దీనిలో రెండు లోటులు కలవు. యజమాని పొరపాటున తలుపు తెరచియుంచినచో అడ్డగించువారు లేరు. రూట్ అను సర్వాధికారికి ఏ తలుపును అడ్డు రాదు. స్క్విడ్ ప్రారంభమగునప్పుడు రూట్ అధికారముతోనే లేచి, పిమ్మట పనిచేయు భాగమును సామాన్య వినియోగదారునిగా మార్చుకొనును. ఈ మార్పు మంచిదే కాని చాలదు.

మాండేటరీ యాక్సెస్ కంట్రోల్, అనగా నిర్బంధ ప్రవేశ నియంత్రణము, వేరు మార్గమున నడచును. ఇందు నియమమును వ్రాయునది యజమాని కాదు, యంత్రమంతటికిని వర్తించు నియమావళి. నడచుచున్న ప్రతి ప్రాసెస్‌కును, ప్రతి ఫైలునకును, ప్రతి పోర్టునకును కెర్నెల్ ఒక లేబుల్ అంటించును. ఏ లేబుల్ గల ప్రాసెస్ ఏ లేబుల్ గల వస్తువుపై ఏ పని చేయవచ్చునో నియమావళిలో వ్రాసియుండవలెను. వ్రాయనిదెల్లను నిషిద్ధమే. రూట్‌గా నడచు ప్రాసెస్ అయినను తన లేబుల్ గీసిన గీటు దాటరాదు. కంచెయే చేను మేయ మొదలిడినప్పుడు ఆ కంచెను పట్టి ఆపు రెండవ కంచె ఇది.

అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎస్‌ఈలినక్స్‌ను 2000 డిసెంబరులో లోకమునకు విడుదల చేసెను. 2003లో అది లినక్స్ ప్రధాన కెర్నెల్‌లో చేరినది. 2005లో వెలువడిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 4లో ఎంచిన కొద్దిపాటి సేవలకు మాత్రమే ఈ కట్టుబాటు విధింపబడెను. ఆ కొద్దివానిలో స్క్విడ్ ఒకటి. అనగా దాని ఆపదను నియమకర్తలు మొదటి దినముననే గుర్తించిరి. ఇది మెచ్చదగిన దూరదృష్టి.

మెచ్చదగిన పక్షము

స్క్విడ్ నియమావళిలో ఫైళ్లకు సంబంధించిన భాగము చక్కగా అమరినది. స్క్విడ్ ప్రాసెస్‌కు స్క్విడ్_టి అను లేబుల్ ఉండును. దాని నిల్వకు స్క్విడ్_క్యాష్_టి, చిట్టాలకు స్క్విడ్_లాగ్_టి, కాన్ఫిగరేషన్ ఫైళ్లకు స్క్విడ్_కాన్ఫ్_టి అను లేబుళ్లు వేరువేరుగా ఉన్నవి. నిల్వను స్క్విడ్ వ్రాయవచ్చును, తుడువవచ్చును. కాన్ఫిగరేషన్‌ను చదువవచ్చును గాని మార్చరాదు. వినియోగదారుల ఇంటి డైరెక్టరీలలో దానికి పనిలేదు గనుక ప్రవేశము లేదు.

ఈ విభజనలోని సొగసు ఒక ఉదాహరణమువలన తెలియును. దుండగుడు ఏదో లోపమును పట్టుకొని స్క్విడ్‌ను వశపరచుకొన్నాడనుకొందురు గాక. సామాన్యముగా అతడు మొదట చేయదలచు పని కాన్ఫిగరేషన్‌ను తిరుగవ్రాసి తన రాకపోకలకు శాశ్వత మార్గము కల్పించుకొనుట. ఆ ఫైలు వినియోగదారు అనుమతులు పొరపాటున సడలియున్నను, స్క్విడ్_టి అను లేబుల్ దానిపై వ్రాయనీయదు. ప్రోగ్రాము ఓడిపోయినను నియమము ఓడిపోలేదు. కాపలా అనుమాటకు ఇచ్చట పూర్తి అర్థము కలదు.

ఒక్క మీట చేయు చెరుపు

నెట్‌వర్కు భాగమునకు వచ్చునప్పటికి ఈ ప్రశంస నిలువదు. ఎస్‌ఈలినక్స్‌లో బూలియన్ అను మీటలు కలవు. ఒక మీటను వేయగానే నియమావళిలోని ఒక భాగము అమలులోనికి వచ్చును, తీసినచో తొలగును. స్క్విడ్‌కు సంబంధించిన ముఖ్యమైన మీట పేరు స్క్విడ్_కనెక్ట్_ఎనీ. ఈ మీట తీసియున్నప్పుడు స్క్విడ్ వెబ్, ఎఫ్‌టీపీ, గోఫర్ వంటి తెలిసిన సేవల లేబుళ్లు గల పోర్టులకే పోగలదు. వేసినప్పుడు టీసీపీ పోర్టులన్నిటికిని పోగలదు. మూల నియమావళిలో ఈ మీట తీసియుండును. రెడ్ హ్యాట్ కుటుంబపు లినక్స్‌లలో మాత్రము ఇది మొదటినుండియు వేసియే వచ్చును.

ఇందు రెండు దోషములు కలవు. మొదటిది పేరు దోషము. కనెక్ట్ అనగా బయటి పోర్టునకు పోయి కలియుట. ఈ మీట అంతటితో ఆగక, ఏ పోర్టుననైనను తానే తలుపు తెరచి వినుటకు కూడ అనుమతి ఇచ్చుచున్నది. దీనికి రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 మార్గదర్శియే సాక్ష్యము. స్క్విడ్ తన మామూలు 3128కి బదులు 10000 అను పోర్టున వినునట్లు మార్చిన ఉదాహరణ అందు కలదు. ఎస్‌ఈలినక్స్ దానిని అడ్డగించుటను చూపుటకు ముందుగా ఈ మీటను తీయవలసినదని ఆ మార్గదర్శి చెప్పుచున్నది. తీయనిచో స్క్విడ్ నిరాటంకముగా 10000లో విని, పాఠము పాఠముగా ఉండకపోవును. పోవుటయు వినుటయు రెండు భిన్నమైన అధికారములు. వశమైన ప్రాసెస్ తెలియని పోర్టున తలుపు తెరచి దుండగుని రాకకై కాచియుండుట ఒక ఆపద, తానే బయటికి పోవుట మరొక ఆపద. రెండింటిని ఒకే మీటకు కట్టి, ఒకదాని పేరు మాత్రమే పైన వ్రాయుట నిర్వాహకుని తప్పుదారి పట్టించును.

రెండవది పాత్రను గమనించని దోషము. స్క్విడ్ రెండు భిన్నమైన కొలువులు చేయగలదు. లోపలి జనుల తరఫున బయటి ప్రపంచమునకు పోవుట మొదటి కొలువు. బయటి సర్వర్లు ఏ పోర్టున ఉండునో ముందుగా తెలియదు గనుక ఇచ్చట విశాలమైన అనుమతి కొంతవరకు న్యాయమే. స్క్విడ్‌తో వచ్చు కాన్ఫిగరేషన్ కూడ సురక్షితమని ఎంచు పోర్టులలో 80, 443 వంటివానితోపాటు 1025 మొదలు 65535 వరకు గలవానినన్నిటిని చేర్చియున్నది. మీటను వేసి పంపిన నియమకర్తల తర్కము ఇదియే కావచ్చును. తీసియుంచినచో ఏదో ఒక సైటు తెరువలేదని ఫిర్యాదులు తప్పవు.

రెండవ కొలువు దీనికి తలక్రిందులు. ఒక సంస్థ తన వెబ్ సర్వరుకు ముందు స్క్విడ్‌ను నిలిపి, బయటివారి కోరికలను అదియే తీర్చునట్లు చేయవచ్చును. అప్పుడు స్క్విడ్ పోవలసినది ఒక్క సర్వరునకు, ఒక్క పోర్టునకు. ఇచ్చట పోర్టులన్నిటిని తెరచియుంచుట నిష్కారణమైన ఔదార్యము. అయినను మీట ఈ రెండు కొలువుల భేదమును ఎరుగదు.

వార్నిష్ అను మరొక క్యాష్ ప్రోగ్రామును ప్రక్కన పెట్టి చూచిన ఈ విమర్శ మరింత స్పష్టమగును. 2006లో వెలువడిన వార్నిష్ పుట్టుకతోనే రెండవ కొలువునకు ఉద్దేశింపబడినది. తన వెనుక ఏ సర్వరు ఉన్నదో దానికి ముందే తెలియును. అందుకు తగినట్లే వార్నిష్‌డి_కనెక్ట్_ఎనీ అను దాని మీట తీసియే వచ్చును. వార్నిష్ నిర్వాహకుడు వెనుకటి సర్వరును లేబుల్ లేని పోర్టున పెట్టినచో తక్షణమే అడ్డంకి ఎదురై, అతడు ఆలోచింపవలసి వచ్చును. అదే కొలువులో నిలిపిన స్క్విడ్ నిర్వాహకునికి ఏ అడ్డంకియు ఎదురుకాదు. కావున అతడు ఆలోచింపనే ఆలోచింపడు. కొలువు ఒక్కటే, ఆపద ఒక్కటే, కాపలా మాత్రము వేరు.

పోర్టు తెలియును, ఇల్లు తెలియదు

మీటను తీసినంతమాత్రమున సర్వమును చక్కబడునని అనుకొనరాదు. ఈ నియమములు పోర్టు సంఖ్యను చూచును గాని, ఆ పోర్టు ఏ యంత్రములోనిదో చూడవు. 80, 443 మొదలైన పోర్టులకు హెచ్‌టీటీపీ_పోర్ట్_టి అను ఒకే లేబుల్ ఉన్నది. దూరదేశపు వార్తాపత్రిక సర్వరులోని 80వ పోర్టును, ప్రక్కగదిలోని జీతముల విభాగపు యంత్రములోని 80వ పోర్టును దాని దృష్టిలో ఒక్కటే. వీధి పేరు అడిగి ఇంటి సంఖ్య అడుగని కాపలావాని తీరు ఇది.

దీని ఫలితము క్లౌడ్ యంత్రములలో తీవ్రముగా కనిపించును. అట్టి యంత్రములు 169.254.169.254 అను ప్రత్యేక చిరునామాలో తమ గుర్తింపు వివరములను, కొన్నియెడల తాత్కాలిక తాళపు చెవులను కూడ పొందుచుండును. ఈ సేవ నడచునది 80వ పోర్టుననే. కావున క్యాష్‌ను మోసగించి ఆ చిరునామాకు పంపగలిగిన దుండగునికి, మీట తీసియున్నను ఎస్‌ఈలినక్స్ పోర్టు నియమము అడ్డు చెప్పదు. ఈ ఆపదను గుర్తించియే స్క్విడ్ కర్తలు ఇటీవలి సంచికల కాన్ఫిగరేషన్‌లో అట్టి చిరునామాలను నిషేధించు వాక్యమును చేర్చిరి. అది మంచిదే. కాని ఆ వాక్యమును అమలుజరుపునది స్క్విడ్ ప్రోగ్రామే. ప్రోగ్రామే వశమైనప్పుడు దాని సొంత నియమములకు విలువ లేదు. అప్పుడు అక్కరకు వచ్చునది యంత్రపు ఫైర్‌వాల్. నెట్‌వర్కు పొట్లములకే లేబుళ్లు అంటించు సెక్‌మార్క్ అను పద్ధతి 2006నుండి లినక్స్‌లో ఉన్నది. దానివలన చిరునామాను కూడ నియమావళిలోనికి తేవచ్చును. అయితే దానిని నేర్చి వాడు నిర్వాహకులు అరుదు.

చిట్టానుండి చట్టమా?

నియమావళిని వ్రాసినవారి దోషములకంటె దానిని సవరించువారి అలవాటులు ఎక్కువ కీడు చేయుచున్నవి. చాల తరచుగా జరుగు సందర్భమొకటి చూడదగినది. నిల్వకు చోటు చాలక నిర్వాహకుడు డేటా అను క్రొత్త డిస్కుపై స్క్విడ్ అను డైరెక్టరీ నొకదానిని సృష్టించి, నిల్వను అచ్చటికి మార్చును. మామూలు అనుమతులన్నియు సరిచూచును. అయినను స్క్విడ్ ప్రారంభము కాదు. అనుమతి నిరాకరింపబడినదని మాత్రము ఒక వాక్యము కనిపించును.

నిజమైన కారణము లేబుల్. మూలమున క్రొత్తగా ఏర్పడిన డైరెక్టరీకి డిఫాల్ట్_టి, అనగా ఇంకను పేరు పెట్టని వస్తువు, అను లేబుల్ వచ్చును. పేరు పెట్టని వస్తువును స్క్విడ్ ముట్టరాదు. నియమావళి తన పనిని తాను సక్రమముగా చేసినది. ఇప్పుడు నిర్వాహకుని యెదుట మూడు మార్గములు ఉన్నవి.

మొదటి మార్గము, సెట్‌ఎన్‌ఫోర్స్ అను ఆజ్ఞకు సున్న చేర్చి యంత్రమంతటను కట్టుబాటును ఎత్తివేయుట. స్క్విడ్ తక్షణము లేచును. దానితోపాటు వెబ్ సర్వరు, డేటాబేసు, ఇతర సేవలన్నియు కట్టు తెంచుకొనును. ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు ఉండును ఈ చికిత్స. ఈ స్థితిలో ఎస్‌ఈలినక్స్ ఉల్లంఘనలను చిట్టాలో వ్రాయును గాని అడ్డగింపదు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, ఆ చిట్టాను చదువువారు వచ్చునప్పటికి జరుగవలసినది జరిగిపోవును. పరీక్షకొరకు కట్టు సడలింపవలసియే వచ్చినచో స్క్విడ్_టి ఒక్కదానికే సడలించు వెసులుబాటు కలదు. దానిని వాడక యంత్రమంతటిని విడుచుట అలసత్వమే.

రెండవ మార్గము మొదటిదానికంటె గౌరవముగా కనిపించును. అందువలననే మరింత ప్రమాదకరము. ఆడిట్-టు-అలౌ అను పనిముట్టు నిరాకరణల చిట్టాను చదివి, వాటినన్నిటిని అనుమతించు నియమములను తానే వ్రాసిపెట్టును. పై సందర్భములో అది వ్రాయునది స్థూలముగా ఇది: స్క్విడ్_టి అను ప్రాసెస్ డిఫాల్ట్_టి అను లేబుల్ గల డైరెక్టరీలలో వ్రాయవచ్చును. నిర్వాహకుడు కోరినది ఒక్క డైరెక్టరీ. అతడు ఇచ్చినది పేరు పెట్టని వస్తువులన్నిటిపై హక్కు. రేపు వేరొకరు అదే యంత్రములో మరొక క్రొత్త డైరెక్టరీని సృష్టించి రహస్య పత్రములు దాచినచో, అవియు స్క్విడ్ చేతికి అందుబాటులోనికి వచ్చును. ఆ వేరొకరికి ఈ సంగతి తెలియనే తెలియదు.

ఈ పనిముట్టును తయారుచేసినవారి తప్పు ఇందు కొంచెము. వ్రాసిన నియమమును పరిశీలించి మరీ వాడవలెనని దాని మార్గదర్శులే చెప్పును. తప్పు దానిని న్యాయాధిపతిగా ఎంచుకొనుటలో ఉన్నది. చిట్టాలో ఉన్నది ప్రోగ్రాము ఏమి చేయబోయెనో ఆ కథ మాత్రమే. ఏమి చేయవలెనో అది చెప్పదు. ముద్దాయి వాఙ్మూలమునే తీర్పుగా నకలు వ్రాసిన న్యాయస్థానము ఎట్టిదో, చిట్టానుండి అచ్చుగుద్దినట్లు తీసిన నియమావళియు అట్టిదే. దాడి జరిగిన దినపు చిట్టానుండి నియమములు తీసినచో దాడికే అనుమతిపత్రము లభించును.

మూడవ మార్గము నియమమును మార్చదు, లేబుల్‌ను సరిచేయును. డేటా డిస్కుపై గల స్క్విడ్ డైరెక్టరీకి, దానిలోని సర్వవస్తువులకు స్క్విడ్_క్యాష్_టి అను లేబుల్ ఉండవలెనని సె-మేనేజ్ అను ఆజ్ఞతో పట్టికలో ఒక పంక్తి చేర్చవలెను. పిదప రెస్టోర్‌కాన్ అను ఆజ్ఞతో ఆ లేబుళ్లను వాస్తవముగా అంటింపవలెను. స్క్విడ్ నిల్వను మామూలు అమరికలో 16 డైరెక్టరీలుగను, ఒక్కొక్కదానిలో మరి 256 డైరెక్టరీలుగను విభజించును. మొత్తము 4096. కావున నిండిన నిల్వపై ఈ పనికి కొంత సమయము పట్టును. తొందరపడి సీహెచ్‌కాన్ అను ఆజ్ఞతో లేబుల్ మాత్రము మార్చి పట్టికలో చేర్చనిచో, యంత్రమునకు తిరిగి లేబుళ్లు అంటించిన నాడు పాత వ్యాధి మరల తలయెత్తును.

మూడు మార్గములలోను స్క్విడ్ లేచి పనిచేయును. పైకి ఫలము ఒక్కటే. అందువలననే ఈ విషయములో పనిచేయుచున్నది అను మాట ప్రమాణముగా పనికిరాదు. మొదటి మార్గములో కాపలా లేదు. రెండవదానిలో కాపలా ఉండియు గోడకు క్రొత్త కన్నము పడినది. మూడవదానిలో మాత్రమే నియమము చెక్కుచెదరక, వస్తువు తన సరియైన పేరును పొందినది. పోర్టులకును ఇదే న్యాయము. ఒక క్రొత్త పోర్టు కావలసివచ్చినప్పుడు ఆ ఒక్క పోర్టునకు తగిన లేబుల్ ఇచ్చుట సరియైన పద్ధతి. దానికై పోర్టులన్నిటిని తెరచు మీటను వేయుట కాదు.

సేవకులకు ప్రభువు వస్త్రములు

మరియొక దోషము సాధారణముగా దృష్టికి రాదు. స్క్విడ్ ఒంటరిగా పనిచేయదు. పేరును రహస్యపదమును సరిచూచుటకు ఒక సహాయక ప్రోగ్రామును, చిరునామాలను మార్చుటకు మరియొకదానిని పిలుచుకొనును. ఒక ప్రాసెస్ మరొక ప్రోగ్రామును నడుపునప్పుడు, లేబుల్ మారవలెనని నియమము ప్రత్యేకముగా చెప్పనిచో పిల్ల ప్రాసెస్‌కు తల్లి లేబుల్‌యే సంక్రమించును. రహస్యపదములు చూచు సహాయకుడు, బయటి సర్వర్ల రాతలను విప్పి చదువు ప్రధాన ప్రాసెస్, ఇద్దరును స్క్విడ్_టి అను ఒకే అంగీ తొడుగుకొని తిరిగినచో, సహాయకునికొరకు ఇచ్చిన ప్రతి హక్కును ప్రధాన ప్రాసెస్‌కు కూడ ఇచ్చినట్లే. నిర్వాహకుడు తన సంస్థకై వ్రాసికొన్న సహాయకునికి వేరు లేబుల్ కల్పించుట కష్టమైన పని. అయినను రహస్యపదములను ముట్టు సహాయకుని విషయములో ఆ కష్టము పడుట తగును.

నేడు అనేక సంస్థలు స్క్విడ్‌ను కంటైనరు అను పెట్టెలో పెట్టి నడుపుచున్నవి. అచ్చట పై నియమావళి వర్తింపదు. ఎస్‌ఈలినక్స్ గల యంత్రములలో కంటైనరు లోపలి ప్రాసెస్‌లకు మామూలుగా కంటైనర్_టి అను ఒకే లేబుల్ ఉండును. అది పెట్టెను యంత్రమునుండియు, ఒక పెట్టెను మరొక పెట్టెనుండియు చక్కగా వేరుచేయును. పెట్టె లోపల మాత్రము స్క్విడ్ కాన్ఫిగరేషన్‌కును నిల్వకును భేదము పాటింపదు, నెట్‌వర్కు పోర్టులపై ప్రత్యేకమైన హద్దు గీయదు. పెట్టెలో పెట్టినాము గనుక భద్రమే అనువారు ఒక కాపలాను వదలి వేరొక విధమైన కాపలాను పొందిరని గ్రహింపవలెను. కంటైనరుకు తగిన ప్రత్యేక నియమములను తయారుచేయుటకు యూడికా అను పనిముట్టు లభ్యమగుచున్నది.

తీర్పు

గుణదోషములను త్రాసులో పెట్టి చూచినచో స్క్విడ్ నియమావళిని నిష్ప్రయోజకమని త్రోసివేయుట అన్యాయము. ఫైళ్ల విషయములో అది గట్టిది. ప్రోగ్రాములో లోపము బయటపడిన నాడు కాన్ఫిగరేషన్‌ను, ఇతరుల ఫైళ్లను కాపాడగలిగినది అదియే. నెట్‌వర్కు విషయములో మాత్రము దాని పేరు పెద్దది, పని చిన్నది. సరిహద్దున నిలచిన ప్రోగ్రామునకు నెట్‌వర్కే ప్రధానమైన ఆయుధము గనుక ఈ లోటు సామాన్యమైనది కాదు. వినుటకు ఒక మీట, పోవుటకు మరొక మీట ఉండియుండవలసినది. ముందు కొలువునకును వెనుక కొలువునకును వేరువేరు అమరికలు ఉండియుండవలసినవి.

ఆ సంస్కారము నియమకర్తల చేతిలోని పని. అంతవరకు నిర్వాహకుడు చేయగలది కొంత ఉన్నది. తన స్క్విడ్ ఏ కొలువులో ఉన్నదో ముందు నిర్ణయించుకొనవలెను. వెబ్ సర్వరుకు ముందు నిలిపినదైనచో స్క్విడ్_కనెక్ట్_ఎనీ మీటను శాశ్వతముగా తీసివేసి, కావలసిన పోర్టునకు మాత్రము లేబుల్ ఇవ్వవలెను. జనుల తరఫున బయటికి పోవునదైనచో మీటను ఉంచినను, లోపలి యంత్రముల చిరునామాలకును 169.254తో మొదలగు చిరునామాలకును స్క్విడ్ పోకుండ ఫైర్‌వాల్‌లో అడ్డు కట్టవలెను. నిరాకరణ ఎదురైనప్పుడు మొట్టమొదట లేబుల్‌ను, ఆ తరువాత ఉన్న మీటలను పరిశీలించి, అవి రెండును చాలనప్పుడే క్రొత్త నియమము వ్రాయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్షించు పద్ధతిలో మార్పు. సాధారణముగా నియమావళిని మార్చిన పిదప పుటలు తెరచుకొనుచున్నవా అని మాత్రమే చూతురు. అది తాళము వేసిన తలుపును తాళపు చెవితో తెరచి చూచి తృప్తిపడుట వంటిది. తాళపు చెవి లేనివాడు తోసినప్పుడు తలుపు నిలచునా అని చూచుటయే అసలు పరీక్ష. స్క్విడ్_టి లేబుల్‌కు ఏయే హక్కులు గలవో సె-సెర్చ్ అను పనిముట్టు వరుసగా చూపగలదు. ఆ జాబితాను సంవత్సరమున కొకసారియైనను చదివి, ప్రతి పంక్తి యెదుట ఇది ఎందుకు అని ప్రశ్నించుకొనవలెను. జవాబు దొరకని పంక్తిని తొలగించి చూడవచ్చును. అప్పుడు ఎవరును ఫిర్యాదు చేయనిచో, ఆ హక్కు అన్నాళ్లును దుండగునికొరకు మాత్రమే తెరచియున్నదని అర్థము.